ఎమ్మిగనూరు వెళ్లొచ్చిన రక్తం

సుంకన్నకు గురువు మీద కోపం వచ్చింది. ఏళ్ల తరబడి చేసిన పని పూర్తయింది. దాని కింద గురువు ఒక్క సంతకం పెట్టడం లేదు.

సుంకన్న కర్నూలులో ఒక పరిశోధనశాలలో డాక్టర్ మస్తాన్ వలీ దగ్గర శిష్యుడు. అతను వెతుకుతున్నది కీళ్లవాతం జాడ. వయసు మీద పడితే వచ్చే మోకాళ్ల నొప్పి కాదది. ఒంటిని కాపాడవలసిన శక్తే ఒంటి మీద తిరగబడి కీళ్లను తినేసే జబ్బు. చాలామందికి వేళ్లు వంకర తిరిగాకే అది తెలుస్తుంది. అప్పటికి డాక్టరు చేయగలిగింది తక్కువ. వేళ్లు వంగకముందే, నొప్పి పుట్టకముందే, రక్తంలో జన్యువులు పనిచేసే తీరును బట్టి దాన్ని కనిపెట్టాలి. అదీ సుంకన్న పట్టుదల.

ఆ పని అతను ఊరికే ఎంచుకోలేదు. ఎమ్మిగనూరులో అక్క ఉసేనమ్మ మగ్గం నేసి అతన్ని చదివించింది. ఇప్పుడు ఆమె వేళ్లు అన్నం ముద్ద కూడా కలపలేవు.

చివరికి జాడ దొరికింది. జబ్బున్నవాళ్ల రక్తంలో కొన్ని జన్యువులు మితిమీరి పనిచేస్తున్నాయి. లేనివాళ్లలో అవే జన్యువులు నిద్రపోతున్నాయి. అనుమానానికి తావులేనంత తేడా. నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రి ఆ పరీక్షను అందరికీ చేయడానికి సిద్ధమైంది. సుంకన్నకు ఉద్యోగం ఇస్తామన్నారు. గోడకు కట్టే ఫ్లెక్సీలో అతని ఫోటో కూడా వేయించారు.

అతను ఆ పరీక్ష మొట్టమొదట అక్క కూతురు రేణుకకు చేశాడు. ఎమ్మిగనూరు వెళ్లి, రక్తం తీసి, థర్మకోల్ పెట్టెలో పెట్టుకుని బస్సులో తెచ్చాడు. జబ్బు రాబోతోందని పరీక్ష చెప్పింది.

రేణుక కానిస్టేబులుగా ఎంపికైన పిల్ల. వచ్చే సోమవారం ట్రైనింగులో చేరాలి. సుంకన్న వద్దన్నాడు. ఆ పరుగులు నీ కీళ్లకు పడవన్నాడు. ఆసుపత్రివాళ్లు ఆ సోమవారం నుంచే మాత్రలు మొదలుపెట్టమన్నారు. ఒంట్లోని కాపుదల శక్తిని అణిచే మాత్రలవి. రేణుక ఏడవలేదు.

"పొద్దున కూడా నేను పరిగెత్తొచ్చినాను మామా" అని మాత్రం అంది.

ఈ సంగతి విన్న రోజే వలీ సార్ సంతకం కోసం ఇచ్చిన కాగితాలు పక్కన పెట్టారు. ఎందుకో చెప్పలేదు.

సుంకన్న ఓపిక పట్టలేకపోయాడు. ఒక ఉదయం తలుపు తట్టకుండా ఆయన గదిలోకి వెళ్లాడు.

"తప్పుంటే చూపించండి సార్. చూపించలేకపోతే సంతకం పెట్టండి."

పక్కగదిలో విద్యార్థులు చేతుల్లో పని ఆపేశారు. వలీ సారుతో అలా మాట్లాడినవాడు అంతవరకూ లేడు. సుంకన్న అక్కడితో ఆగలేదు. పేరున్న పెద్దవాళ్లకు శిష్యుడి పేరు పైకి రావడం గిట్టదని కూడా అన్నాడు. మనసులో అక్క కోసం పుట్టిన తపన ఉండవచ్చు. నాలుక మీద మాత్రం గర్వమే ఉంది.

వలీ సార్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. చొక్కా చేయి పైకి మడిచారు.

"రక్తం తీయి" అన్నారు.

రెండు గొట్టాలు నింపించుకున్నారు. ఒకటి వెంటనే పరీక్షకు పెట్టమన్నారు. రెండోది చేతిలో పట్టుకుని లేచారు.

"నీ మేనకోడలి రక్తం తెచ్చిన పెట్టె ఏదీ?"

సుంకన్న పెట్టె తెచ్చి ఇచ్చాడు. ఆయన గొట్టాన్ని అందులో పెట్టి, చెప్పులు వేసుకుని, ఎండలో బస్టాండు వైపు నడిచారు.

సుంకన్న తోటివాళ్ల దగ్గర నవ్వాడు. సారుకే కాదు, సారు రక్తానికి కూడా గాలిమార్పు కావలసి వచ్చిందన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. ఒకమ్మాయి మాత్రం, వయసుకైనా మర్యాద ఇవ్వమని చెప్పి తన పనిలో పడింది.

సాయంత్రం వలీ సార్ తిరిగి వచ్చారు. తల నిండా దుమ్ము. చొక్కా చెమటకు వీపుకంటుకుపోయింది. పెట్టె తెచ్చి సుంకన్న ముందు పెట్టారు.

"ఇది ఎమ్మిగనూరు చూసొచ్చింది. దీన్నీ అడుగు."

మర్నాడు రెండు ఫలితాలూ వచ్చాయి. మొదటి గొట్టంలోని మనిషి ఆరోగ్యంగా ఉన్నాడు. రెండో గొట్టంలోని మనిషికి కీళ్లవాతం రాబోతోంది. ఇద్దరూ ఒక్క మనిషే.

యంత్రం పొరబడింది సార్ అన్నాడు సుంకన్న. తప్పు తనది కాకూడదనుకునేవాడికి యంత్రం దగ్గరి చుట్టం. వలీ సార్ ఖాళీ పెట్టెను అతని వైపు జరిపి తన పని చూసుకున్నారు.

సుంకన్నకు పౌరుషం పొడుచుకొచ్చింది. తన రక్తమే తీయించుకున్నాడు. ఒక గొట్టం అక్కడే పరీక్షకు ఇచ్చాడు. రెండోది పెట్టెలో పెట్టుకుని తనే ఎమ్మిగనూరు బస్సెక్కాడు.

సీటు కింద ఇంజను వేడి. గతుకు వచ్చినప్పుడల్లా ఒళ్లో పెట్టె ఎగిరిపడుతోంది. చల్లదనం కోసం పెట్టిన ఐసు కోడుమూరు దాటకముందే నీళ్లయింది. కండక్టరు దగ్గరికొచ్చి పెట్టె వైపు చూశాడు. లోపల ఏముందని అడిగాడు. రక్తమని సుంకన్న చెప్పాడు.

"మొన్న ఒక పెద్దాయన కూడా ఇట్లాంటి పెట్టే తెచ్చినాడన్నా" అన్నాడు కండక్టరు. "మీ రక్తాలకు కూడా టికెట్టు కొట్టల్లనా ఏంది?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సుంకన్న నవ్వలేదు.

జబ్బున్నవాళ్ల రక్తమంతా ఇలాగే వచ్చింది. ఆదోని నుంచి, ఆలూరు నుంచి, ఎమ్మిగనూరు నుంచి, ఎండలో, బస్సుల్లో, ఈ పెట్టెల్లోనే వచ్చింది. జబ్బు లేనివాళ్లెవరు? పరిశోధనశాలలో తోటి విద్యార్థులు. వాళ్ల రక్తం పక్కగదిలో తీశాడు, అప్పటికప్పుడు యంత్రంలో పెట్టాడు. అది గడప దాటలేదు.

ఒంట్లోంచి బయటికొచ్చినా రక్తం వెంటనే చచ్చిపోదు. వేడికి ఉలిక్కిపడుతుంది. ఆ ఉలికిపాటునే అతను జబ్బు అనుకున్నాడు.

తిరిగి వచ్చి పరీక్ష చేశాడు. కర్నూలు సుంకన్న ఆరోగ్యంగా ఉన్నాడు. ఎమ్మిగనూరు వెళ్లొచ్చిన సుంకన్నకు జబ్బు రాబోతోంది.

అతను ఆ పెట్టె పట్టుకుని నేరుగా ఆసుపత్రికి నడిచాడు. అక్కడ యజమాని డాక్టర్లతో సమావేశంలో ఉన్నాడు. సుంకన్న జరిగింది చెప్పి, పరీక్ష ఆపమన్నాడు. యజమాని అతని చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకోబోయాడు. లోపాలు లేని పని ఉండదని, ముందు మొదలుపెట్టి తర్వాత దిద్దుకుందామని, ఉద్యోగం కాగితం కూడా సిద్ధంగా ఉందని మెత్తగా చెప్పాడు. సుంకన్న కూర్చోకపోయేసరికి గొంతు మారింది. ఆ ముసలాయన నీ బుర్ర పాడుచేశాడన్నాడు. ఆయన సంతకం లేకపోయినా పరీక్ష మొదలవుతుందన్నాడు.

సుంకన్న పెట్టె మూత తీసి బల్ల మధ్యలో పెట్టాడు.

"చొక్కా చేయి మడవండి సార్. మీ రక్తాన్ని ఎమ్మిగనూరు తిప్పుకొస్తాను. జబ్బు ఉందని వస్తే, మా పిల్లకు రాసిన మాత్రలు సోమవారం నుంచి మీరు మింగండి."

యజమాని తెలియకుండానే చొక్కా చేతి గుండీ సర్దుకున్నాడు. చివరన కూర్చున్న ఒక డాక్టరమ్మ పెట్టెను తన వైపు లాక్కుని, లోపలికి చూసి, ఇది తేలేదాకా తన రోగులకు ఈ పరీక్ష రాయనని చెప్పింది. ఇంకో ఇద్దరు తలలూపారు. అక్కడితో ఆ పరీక్ష ఆగింది. సుంకన్న ఉద్యోగమూ పోయింది. ఆ ఫ్లెక్సీ గోడకు ఎక్కనే లేదు.

ఆదివారం అతను అక్క ఇంటికి వెళ్లాడు. గడపలో నిలబడే చెప్పాడు. తన పరీక్ష తప్పు. మాత్రలు వద్దు. వేళ్లు వాచినా, పొద్దున లేవగానే కీళ్లు బిగుసుకున్నా వెంటనే డాక్టరుకు చూపించాలి, అంతే. ఉసేనమ్మ వంకర వేళ్లతో కొంగు సర్దుకుంటూ అంతా వింది.

"అయితే పాపకు వస్తుందా రాదా?"

"తెలియదక్కా."

"తెలియదని చెప్పేదానికా నాయనా, నువ్వు ఇంత చదివింది?"

"అవునక్కా. దానికే."

ఆమె గడపలోంచి పక్కకు జరిగి దారి ఇచ్చింది. లోపలికొచ్చి అన్నం తినమంది.

లోపల రేణుక సూట్‌కేసు గోడకు ఆనించి ఉంది. పట్టీ బిగించి ఉంది. మామ వద్దన్నాక కూడా ఆ పిల్ల దాన్ని విప్పలేదు.

సుంకన్న మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఈసారి జబ్బున్న మనిషి రక్తం ఏ వీధిలో తీస్తే, జబ్బు లేని మనిషి రక్తం అదే వీధిలో, అదే పూట తీశాడు. రెండూ ఒకే పెట్టెలో పెట్టాడు. ఒకే బస్సులో తెచ్చాడు. తోటివాళ్లు బస్సు డాక్టరని ఎగతాళి చేశారు. చేసుకోనిచ్చాడు.

మొదటి పెట్టె తెచ్చిన రోజు వలీ సార్ మూత ఎత్తి లోపలికి చూశారు. కండక్టరు మాట సుంకన్న ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

"రెండు రక్తాలకూ టికెట్టు కొట్టించావా?"

"కొట్టించాను సార్."

ఆయన కుర్చీ లాక్కుని యంత్రం పక్కన కూర్చున్నారు.

"అయితే అడుగు. ఈసారి నేనూ వింటాను."