సముద్రపు గోడ మీద చెయ్యి

ఒక దీవిలో రాజు కోటను పెంచాలనుకున్నాడు. కోటకు సున్నం కావాలి, సున్నానికి పగడపు రాయి కాల్చాలి. ఒడ్డున దొరికే రాయంతా అప్పటికే అయిపోయింది. మిగిలిందల్లా దీవి అంచు నుంచి సముద్రంలోకి నిట్టనిలువుగా దిగిన పగడపు గోడ ఒక్కటే.

దానికి ఆ దీవి చట్టం అడ్డొచ్చింది. అక్కడ తాపీమేస్త్రి గోడ ముగించిన రోజున తడి సున్నం మీద అరచెయ్యి అద్దుతాడు. అద్దాక గోడ రాజ్యానిది. అద్దనంతవరకూ మేస్త్రిదే. రాజైనా సరే, దాని మీద గునపం వెయ్యకూడదు.

ముద్ర ఉందో లేదో చూసి రమ్మని రాజు ఒక ఈతగత్తెను పంపాడు. వీపున గాలి సిలిండరు కట్టుకుని ముత్యపు చిప్పలు ఏరుకొచ్చే మనిషి ఆవిడ. లోతంటే భయం లేదు గానీ, ఆ గోడ వైపు మాత్రం ఎన్నడూ పోలేదు.

దిగింది. మొదట అంతా నీలంగానే కనిపించింది. దీపం వెలిగించేసరికి గోడ ఒక్కసారిగా ఎర్రబడింది, పసుపుపచ్చగా విచ్చుకుంది. విసనకర్రల్లాంటి కొమ్మలు ఊగుతున్నాయి. చేపల గుంపు ఒకటి ఆమెను లెక్కచెయ్యకుండా రెండుగా చీలి దాటిపోయింది. దగ్గరికెళ్లి చూస్తే ఆ గోడ నిండా నోళ్లే. ఆవగింజంత నోళ్లు కోటానుకోట్లు, తెరుచుకుంటూ, మూసుకుంటూ. కిందికి చూస్తే అడుగన్నది లేదు. ఆమెకు కళ్లు తిరిగాయి. ఇంట్లో కళ్లు తిరిగితే ఎవరైనా ఏం చేస్తారో అదే చేసింది. చెయ్యి చాచి గోడను పట్టుకుంది.

"ముద్ర లేదు ప్రభూ," అంది పైకొచ్చి. "ఇంకా కడుతూనే ఉన్నారు."

"ఎవరు?"

"పేర్లు తెలియవు. ఒక్కొక్కరు ఆవగింజంత ఉన్నారు."

రాజుగారి బావమరిది పకపకా నవ్వాడు. కోట పని అతనిదే. ఆమె మాట నమ్మక, నాలుగు రోజులాగి తనే దిగాడు. పైకొచ్చాక అతని సంబరం చూడాలి!

"ఉంది బావగారూ! తెల్లగా, అయిదు వేళ్లూ స్పష్టంగా ఉన్నాయి!"

ఈతగత్తె తన అరచేతిని చూసుకుంది. చెయ్యి ఆనిన చోట ఆ నోళ్లన్నీ చచ్చిపోయి గోడ పాలిపోయిందన్నమాట. తన చేత్తో తనే గోడ ప్రాణం తీసింది.

"ఆ చెయ్యి నాది ప్రభూ! కళ్లు తిరిగి పట్టుకున్నాను!"

"ఎవరిదైతేనేం? చెయ్యి పడింది, గోడ మనది," అన్నాడు బావమరిది.

ఇంత పెద్ద గోడ విషయం చెప్పుడు మాటలతో తేల్చనన్నాడు రాజు. ఈలోగా వానలు ముంచుకొచ్చాయి. ఆ నెలలన్నీ రాజు నీళ్ల తొట్టిలో కూర్చుని సిలిండరు గాలి పీల్చడం నేర్చుకున్నాడు. బావమరిది కోట పక్కన బట్టీలు కట్టించాడు. ఈతగత్తె సరిగ్గా అన్నం తినలేదు.

సముద్రం తేటపడగానే, బావమరిదిని పడవలో ఉంచి, రాజూ ఈతగత్తే దిగారు. ఆమె దీపం పట్టింది. రాజుకు నోరు తెరవాలనిపించింది గానీ, నోట్లో గాలి గొట్టం ఉంది. ఆమె ముద్ర చూపించింది. చూపించి, తనే తెల్లబోయింది. బొటనవేలు లేదు. అది ఉండాల్సిన చోట కొత్త నోళ్లు లేతగా తెరుచుకుంటున్నాయి. ముద్రను ముట్టబోయిన రాజు చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత తల పైకెత్తి ఆ గోడ ఎక్కడిదాకా పోయిందో చూశాడు. చాలాసేపు చూశాడు.

పడవ ఎక్కగానే, "ఉందా బావగారూ?" అన్నాడు బావమరిది.

"నాలుగు వేళ్లే ఉన్నాయి. మేస్త్రులు ఆ ముద్రను ఒప్పుకోలేదు. చెరిపేస్తున్నారు."

ఈతగత్తె బావురుమంది. అన్ని నెలల దిగులూ ఆ ఏడుపులో కొట్టుకుపోయింది.

"అయితే ఎప్పటికి ముగిస్తారట?" అన్నాడు బావమరిది చిరాగ్గా.

"ఆ గోడ పైవరస ఎక్కడుందో చూశావుటోయ్?"

"ఎక్కడుంది?"

"మన కోట కింద. ఈ దీవంతా ఆ గోడే."

పడవ ఒడ్డుకు తగిలింది. సేవకుడు పరుగున వచ్చి ఇసుక మీద రాజుగారి జోళ్లు పెట్టాడు. రాజు వాటిని పక్కకు జరిపి, ఒట్టికాళ్లతో మెల్లగా దిగాడు.