స్మిత్ వంశానికి తలస్నానం

పొన్నంగిపురం రాజావారి కోరికలు జలుబులాంటివి. ఏ గాలి వీస్తే ఆ గాలికే పట్టుకునేవి. ఆ ఏడు పుష్యమాసంలో ఇంగ్లీషు గాలి వీచింది.

కొలువులో చిదంబర పంతులనే దుబాసీ ఉండేవాడు. దొరల మాట రాజుకీ, రాజు మాట దొరలకీ చెప్పడం ఆయన పని. దొరలెవరూ రాని రోజుల్లో రాజావారికి పాత ఇంగ్లీషు పుస్తకాలు చదివి అర్థం చెప్పేవాడు.

"ఏమయ్యా పంతులూ, ఏ పుస్తకం తెరిచినా స్మిత్ అనేవాడొకడు తగులుతున్నాడు. మొన్న చరిత్రలో ఓడ నడిపాడు. నిన్న నాటకంలో వంట చేశాడు. ఇవాళ కథలో గుర్రం దొంగిలించాడు."

"అది వాళ్ల ఇంటిపేరు ప్రభూ."

"మరి మన ఇంటిపేరో?"

"పొరుగూరి పుస్తకాల్లో కూడా లేదు ప్రభూ."

రాజావారి మొహం మాడింది. పంతులు అదను చూసి దగ్గరికి జరిగాడు. "తమరు ఊఁ అంటే చాలు, దత్తత లెక్కన ఆ వంశంలో కలిపేస్తాను."

"కలుపు. నువ్వూ కలువు. ఇక నాకు తమ్ముడివి."

"మహాభాగ్యం. అయితే పాత వంశస్తుతి ఇంకెందుకు? తిప్పరాజును ఇంటికి పంపేయండి. కొత్తది నేను చదువుతాను."

తిప్పరాజు ఆ కొలువులోనే ఉన్నాడు. రోజూ పొద్దున్నే కొలువులో రాజుగారి తాతముత్తాతల కీర్తి పద్యాలుగా చదవడం తరతరాలుగా వాళ్లింటి పని. వేరే పని రాదు. "ఎందుకు రాదూ, భోజనం బాగానే చేస్తారు" అనేది భార్య. ఇక ఇంగ్లీషంటారా, అతనికి వచ్చినవి ఎస్, నో. ఆ రెండూ ఎప్పుడూ తారుమారే.

అయినా చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"పంతులుగారూ, తెలీక అడుగుతాను. ఈ స్మిత్‌లందరూ ఒకే వంశమా?"

"సందేహమా? ఒకే రక్తం. స్మిత్ అన్నవాడల్లా మాకు జ్ఞాతే."

"అయితే ప్రభూ, వెళ్లేముందు ఒక్క మనవి. కొత్త స్తుతి మొదలుపెట్టే రోజున, ఆ వంశానికి ఆచారం తప్పకుండా చూసే భాగ్యం నాకిప్పించండి."

"కానీ" అన్నారు రాజావారు.

ఆ రోజు రానే వచ్చింది. చుట్టుపక్కల జమీందారులంతా సభలో కూర్చున్నారు. వంటశాల నుంచి బొబ్బట్ల వాసన. సింహాసనం వెనక తిప్పరాజు, అతని వెనక వరసగా చన్నీళ్ల బిందెలు. అభిషేకానికి కాబోలనుకున్నారు అందరూ.

పంతులు గొంతు సవరించుకున్నాడు. "మన కెప్టెన్ స్మిత్ సముద్రాలు దాటి, శత్రువుల ఓడను ముంచి, ఆ పోరులోనే వీరమరణం పొందెను."

దభీమని రాజుగారి నెత్తిన ఒక బిందెడు, పంతులు నెత్తిన ఒక బిందెడు నీళ్లు కుమ్మరించాడు తిప్పరాజు.

"ఏమిటయ్యా ఇది?" రాజావారి పళ్లు టకటకలాడుతున్నాయి.

"చావు కబురు ప్రభూ. జ్ఞాతి పోయాడని వింటే కట్టుబట్టలతో తలస్నానం చెయ్యాలి గదా."

"ఆయన ఎప్పుడో పోయాడయ్యా" అని పంతులు మొత్తుకున్నాడు.

"మనకి కబురు ఇప్పుడే గదండీ అందింది."

ముసలి జమీందారులు నిజమేనన్నట్టు తలలూపారు. రాజావారు మీసం పిండుకున్నారు. "ఆచారం ఆచారమే. చదువు."

పంతులు వేరే పుస్తకం తీశాడు. "న్యాయాధిపతి స్మిత్ ధర్మం తప్పనివాడై, గుర్రపుదొంగ స్మిత్‌ను ఉరి తీయించెను."

మళ్లీ రెండు బిందెలు.

"చంపించిందీ మనవాడే, చచ్చిందీ మనవాడే. ఏ వంశానికుంది ఈ అదృష్టం?" అన్నాడు తిప్పరాజు, కళ్లు తుడుచుకుంటూ.

పంతులు ఈసారి నాటకం తెరిచాడు. వంటవాడు స్మిత్‌కి ఏమైందో చివరి పేజీలో చూసుకుని, గప్‌చిప్‌గా మూసేశాడు. రాజావారు మాత్రం అలవాటైపోయి తల వంచే ఉంచారు.

ఇంతలో వంటపెద్ద వచ్చాడు. "ప్రభూ, మైల ఇంట అతిథులు ఎంగిలి పడకూడదంట. బొబ్బట్లేం చెయ్యమంటారు?"

జమీందారులు గతుక్కుమన్నారు.

"పదోరోజు మీసాలు కూడా తీయించాలి. మంగలికి కబురు పెట్టాను, అన్నదమ్ములిద్దరికీ" అన్నాడు తిప్పరాజు.

రాజుగారి చెయ్యి చటుక్కున మీసం మీదికి పోయింది. "పంతులూ, నిజం చెప్పు. వీళ్లంతా మనవాళ్లేనా?"

పంతులు తన మీసం కూడా ఒకసారి తడుముకున్నాడు. "కాదు ప్రభూ. ఆ దేశంలో వీధికో స్మిత్ ఉంటాడు. ఒకడి మొహం ఒకడెరగడు."

"మరి నువ్వో?"

"నేను ఉత్త చిదంబర పంతుల్ని ప్రభూ. చలేస్తోంది."

రాజావారు నవ్వు ఆపుకోబోయారు, తుమ్మొచ్చింది. తుమ్మూ నవ్వూ కలిసి బయటికొచ్చాయి. సభంతా పొట్టలు పట్టుకుంది. బొబ్బట్లు వడ్డించమని వంటపెద్దకి సైగ అందింది.

"సరే తిప్పరాజూ, నీ కొలువు నీదే. కానీ ఒకటి చెప్పు. మా తాతముత్తాతలూ పోయినవాళ్లేగా? వాళ్ల స్తుతి రోజూ చదువుతావు. ఒక్కనాడూ నా నెత్తిన నీళ్లు పొయ్యలేదేం?"

"మా పద్యాల్లో ఎవరూ చావరు ప్రభూ. చంపేస్తే మర్నాడు నాకు పనెక్కడిది?"

రాజావారు పగలబడి నవ్వి, మెడలోని ముత్యాల హారం తీసి, నీళ్లు కారుతుండగానే తిప్పరాజు మెడలో వేశారు.