కప్పలు మింగేసిన ఆమెన్

ఒకప్పుడు కప్పలకు అదురూ బెదురూ ఉండేది కాదు. గట్టు మీద ఏనుగు నడిచినా, ఏలినవారే నడిచినా వాటి గోల ఆగేది కాదు. నోరు మూసుకోవడం వాటికి ఎవరూ నేర్పలేదు మరి!

ఆ రోజుల్లో రోము రాజ్యంలో ఒక చెరువు ఉండేది. అక్కడ పెత్రోనియమ్మ సైనికుల బట్టలు ఉతికేది. ఆమె ఏసుప్రభువును నమ్మింది. చక్రవర్తికి అది గిట్టదు. నమ్మినవాళ్లను పట్టి చంపించేవాడు. అందుకే ఆమె బండ మీద బట్టలు బాదుతూ, ఆ చప్పుడు చాటున ప్రార్థన చేసుకునేది.

"ప్రభువా, ఈ చొక్కా మురికి వదిలించు!" అని ఒక బాదు.

"ఆమెన్!" అనేవి కప్పలు.

"ఇది తొడుక్కునేవాడి మనసులో మురికి కూడా వదిలించు!"

"ఆమెన్!"

ఆ మాట కప్పలకు తెగ నచ్చేసింది. 'అలాగే జరగాలి' అన్న దాని అర్థం మాత్రం తెలియదు. ఎవరేమన్నా ఆమెనే! కొంగ వచ్చి "ఇవాళ మిమ్మల్ని తింటాను" అంటే దానికీ "ఆమెన్!" అన్నాయి. పాపం, కొంగే మొహమాటపడింది.

"బుడగ తాతా, ముందు ఎదుటివాళ్లు ఏమన్నారో వినండి. ఆ తర్వాత అనండి" అని కప్పల పెద్దకు పెత్రోనియమ్మ బుద్ధి చెప్పింది.

"ఆమెన్!" అన్నాడు బుడగ తాత.

ఒక సాయంత్రం ఏసును నమ్మినవాళ్లను వెతుకుతూ దళపతి వర్రో భటులతో వచ్చాడు. పెత్రోనియమ్మ గబుక్కున రెల్లు పొదలో దూరింది. వర్రో ఒంటి మీద గులాబీరంగు అంగీ ఉంది. నిజానికి అది ఎర్రది. ఆమె ఉతికి ఉతికి అలా చేసింది.

"ఇక్కడెవరూ లేరు దొరా" అన్నాడొక భటుడు.

"ఆమెన్!" అన్నాయి మూడు వందల కప్పలు.

వర్రో చెవులు రిక్కించాడు. "ఇది ఆ ఏసువాళ్ల మాట! ఈ కప్పలకు నేర్పిందెవరు? పెత్రోనియమ్మేనా?"

"ఆమెన్!"

"ఈ రెల్లులోనే ఉందా?"

"ఆమెన్!"

ఇంకేముంది! భటులు ఆమెను బయటికి లాగారు. అప్పుడు తెలిసొచ్చింది కప్పలకు. బుడగ తాత బావురుమన్నాడు.

"ఏడవకు తాతా. మీ నోటికి మంచి మాటే నేర్పాను, చెవులకే ఏమీ నేర్పలేకపోయాను" అని నవ్వింది పెత్రోనియమ్మ. తర్వాత వర్రో వైపు తిరిగింది. "ఆ అంగీ విప్పి ఇవ్వండి దొరా, పోయేముందు ఒకసారి ఉతికిపెడతాను."

"వద్దు తల్లీ!" అని వర్రో అంగీని రెండు చేతులా పట్టుకున్నాడు.

మర్నాడు చక్రవర్తి ఆమెను అడిగాడు. "ఏసును వదిలేస్తావా, ప్రాణం వదిలేస్తావా?" ఆమె ఏసును వదలలేదు. కళ్లు మూసుకుని చివరి ప్రార్థన చేసింది. బదులు పలకడానికి అక్కడ ఒక్క కప్పా లేదు. ఆమెన్ కూడా తనే చెప్పుకుంది.

ఆ కబురు చెరువుకు చేరింది. ఆ రోజు కప్పలు ఒక్క మాటా మాట్లాడలేదు.

అప్పటినుంచే, గట్టు మీద అడుగుల చప్పుడు వినబడితే చాలు, కప్పలన్నీ ఒక్కసారిగా గప్‌చుప్! వచ్చింది ఎవరో తేలేదాకా నోరు విప్పవు. కానీ మింగేసిన ఆమెన్ ఊరుకుంటుందా? గొంతు కింద టపటపా కొట్టుకుంటూనే ఉంటుంది. కావాలంటే వెళ్లి చూడండి. మీరు ఆమెను పట్టుకోవడానికి రాలేదని నమ్మకం కుదిరాక, మళ్లీ మొదలుపెడతాయి.