చెంగయ్య చేతికంటిన రంగులు

అనగనగా ఒక అడవిలో, వాగు పక్కన పల్లంలో, కొన్ని జంతువులు కలిసిమెలిసి ఉండేవి. వాటికొక మంచి అలవాటు. ఏదైనా తేల్చుకోవాలంటే అందరూ బండ దగ్గర చేరతారు. బండెక్కినవాళ్ళు మాట ముగించేదాకా ఇంకెవరూ నోరు విప్పకూడదు. పేర్లు పిలిచే పని చెంగయ్య అనే కోతిది. అసలే కోతి, పైగా పెత్తనం దొరికింది. ఇక ఊరుకుంటాడా?

ఆ ఏడు వానలు గట్టిగా పట్టేలా ఉన్నాయి. మెరక మీదికి వెళ్ళిపోదామా, పల్లంలోనే ఉందామా అని మాటొచ్చింది. ఎవరేమన్నారో గుర్తుండక చెంగయ్య బుర్ర వేడెక్కింది. మెరకన్నవాళ్ళకి పూయడానికి ఒక ఆకుదొప్పలో ఎర్రమట్టి, పల్లమన్నవాళ్ళకి ఇంకో దొప్పలో సుద్ద కలిపి పెట్టుకున్నాడు.

ముందు ముళ్ళపంది సూరన్న బండెక్కాడు. "చీమలు గుడ్లు మోసుకుని పైకి పోతున్నాయి, మనమూ పోతే..." అనేలోపే చెంగయ్య అతని నుదుట ఎర్రమట్టి పులిమేశాడు. "ఇతను మెరకోడు" అన్నాడు. అందరూ పకపకా నవ్వారు.

"మెరకోళ్ళంతా పిరికిగొడ్లు" అన్నాడు నక్క మామ. చీమల సంగతి ఎవరికీ పట్టలేదు.

తర్వాత కుందేలు నాంచారమ్మ ఎక్కింది. పచ్చి బాలింత. పల్లంలో ఆమె బొరియలో నాలుగు పసికూనలున్నాయి.

"నాకూ పల్లంలోనే ఉండాలని ఉంది, కానీ..." అంది. నుదుట సుద్ద పడింది.

"ఈవిడ పల్లపావిడ" అన్నాడు చెంగయ్య.

"అది కాదన్నా, నా మాట ఇంకా అవలేదు" అంది నాంచారమ్మ. ఆ గోలలో ఎవరు వింటారు? పాపం, చెవులు వాల్చుకుని దిగిపోయింది.

మూడో మాట తాబేలు తాతది. బండెక్కడానికే అరగంట పట్టింది. "రెండు వైపులా సబబుంది నాయనా" అన్నాడు. చెంగయ్యకి తిక్కరేగింది. ఒక చెంపకి ఎరుపు, ఒక చెంపకి తెలుపు పూసి, "గోడ మీద పిల్లి" అన్నాడు.

"తాబేలుని పట్టుకుని పిల్లంటావేంట్రా" అని గొణుక్కున్నాడు తాత.

మూడు రోజుల్లో అందరి నుదుళ్ళకీ రంగులు పడ్డాయి. ఎరుపువాళ్ళు తెలుపువాళ్ళతో మాటలు మానేశారు. నీళ్ళు తాగే రేవులు కూడా వేరైపోయాయి. అసలు సంగతి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

నాలుగో రోజు పొద్దున చెంగయ్య చిటారు కొమ్మెక్కి చూశాడు. ఎగువన వాగు పొంగి, చెట్లని దొర్లించుకుంటూ వస్తోంది. వెంటనే బండ మీదికి దూకి, రెండు చేతులూ ఊపుతూ, "వరదొస్తోంది, మెరకెక్కండి" అని అరిచాడు.

ఎవరూ కదల్లేదు. అందరూ అతని చేతులే చూస్తున్నారు. పూసీ పూసీ కుడిచెయ్యి ఎర్రబడింది, ఎడమచెయ్యి తెల్లబడింది.

"కుడిచెయ్యి చూడండి, వీడు మెరకోడే" అన్నాడు నక్క మామ.

"ఎడమచెయ్యి చూడు, పల్లపోడే. మమ్మల్ని పరుగెత్తించి నవ్వుదామని" అన్నాడు సూరన్న.

చెంగయ్యకి ఏడుపొచ్చింది. "నేనెవరినైతే ఏంటయ్యా, వరద అబద్ధమవుతుందా?" అన్నాడు. అనగానే నాంచారమ్మ కళ్ళబడింది. సిగ్గుతో చచ్చినంత పనైంది. "అమ్మా, ఆ రోజు నీ మాట తుంచేశాను. తప్పు నాది. ఇప్పుడు చెప్పు" అన్నాడు.

"పల్లంలోనే ఉండాలని ఉంది, కానీ మా బొరియలో నీళ్ళు ఊరుతున్నాయన్నా. పిల్లలింకా కళ్ళు తెరవలేదు. నలుగురినీ ఒక్కదాన్నే మొయ్యలేను, సాయం పట్టండి అని అడుగుదామనుకున్నా" అంది నాంచారమ్మ.

పల్లపావిడే ఆ మాటనేసరికి అందరూ తలలు దించుకున్నారు. నక్క మామ ముందుకొచ్చి, "ఒకదాన్ని నేను..." అన్నాడు.

"అమ్మో, నక్కనా నమ్మేది" అన్నాడు సూరన్న.

"ముందు ఆయన మాట పూర్తవనీ అన్నా" అంది నాంచారమ్మ.

"ఒకదాన్ని నేను తెస్తానమ్మా. మా ఇంట్లోనూ పసివాళ్ళున్నారు. పన్ను తగలనివ్వను" అన్నాడు నక్క మామ.

అన్నట్టే తెచ్చాడు. చెంగయ్య రెండింటిని పొట్టకి కరుచుకున్నాడు. తల్లి ఒకదాన్ని పట్టుకుంది. తాబేలు తాతని సూరన్న వెనకనుంచి నెట్టాడు. అందరూ మెరకెక్కేసరికి పల్లమంతా ఏరైపోయింది. మెరక మీద కురిసిన వానకి రంగులన్నీ కడుక్కుపోయాయి.

తెల్లారి మెరక మీద కొత్త బండ దగ్గర చేరారు. చెంగయ్య రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. తాబేలు తాత మధ్యాహ్నం దాకా మాట్లాడాడు. అందులో సగం పనికిరాని మాటలే. అయినా చెంగయ్య చెయ్యి బయటికి తియ్యలేదు.

నీతి: ఎదుటివాడికి ముద్ర వేస్తే అతని మాట వినబడదు. ముందు పూర్తిగా వినండి, ఆ తర్వాత కాదనాలంటే కాదనండి.