అమ్మగారి బండికి పెట్రోలు

పైడిరాజుకు ఒకటే బాధ. అమ్మగారు అందరికీ సాధన ఇచ్చారు, తనకు మాత్రం పని ఇచ్చారు.

మాకవరపాలెం దాటాక జీడితోటల్లోకి మట్టిరోడ్డు పట్టుకుని పోతే అచ్యుతాంబ గారి ఆశ్రమం వస్తుంది. ఆశ్రమమంటే గోపురాలూ మంటపాలూ ఊహించుకోకండి. ఐదు పెంకుటి గదులు, ఒక వంటపాక, ఒక బోరింగు, రేకుల షెడ్డు కింద తెల్లటి పాత అంబాసిడర్ కారు, అంతే. ఉండేది ఎనిమిది మంది. డెబ్భై ఆరేళ్ల అచ్యుతాంబ గారిని అందరూ అమ్మగారనే పిలుస్తారు. ఆవిడ ఉపన్యాసాలు చెప్పరు. ఎవరైనా పెద్ద ప్రశ్న అడిగితే నవ్వి ఊరుకుంటారు, లేదా చేతికి ఏదో పని అందిస్తారు.

అక్కడొక పద్ధతి ఉంది. గురుపూర్ణిమ నాడు అమ్మగారు ఒక్కొక్కరినే పిలిచి, ఆ ఏడాదంతా చేయాల్సిన సాధన చెవిలో చెబుతారు. ఎవరిది వాళ్లు ఇంకొకరికి చెప్పుకోకూడదు. కానీ ఎనిమిది మంది ఒకే బోరింగు దగ్గర మొహాలు కడుక్కునే చోట రహస్యం ఎన్నాళ్లు దాగుతుంది! శేషాచలపతి మాస్టారు తెల్లవారుజామున మూడింటికే లేచి, హాల్లో చాప మీద కూర్చుని, ఎండ మొహాన పడేదాకా కదలకుండా ఉంటారని వారం తిరక్కుండానే అందరికీ తెలిసిపోయింది.

ఆయన ముప్పై ఏళ్లు సంస్కృతం చెప్పిన మాస్టారు. పైడిరాజు ఇరవై రెండేళ్లు అనకాపల్లి నుంచి అరకుకు ట్యాక్సీ తోలినవాడు. పెళ్లీ పెటాకులూ లేవు. నాలుగేళ్ల కిందట ఎవరో ప్యాసింజరును ఇక్కడ దింపడానికి వచ్చాడు. టీ ఇస్తే తాగాడు, తాగిన గ్లాసు కడిగాడు, పక్కనున్న గ్లాసులు కూడా కడిగాడు, ఇక తిరిగి వెళ్లలేదు. అప్పట్నుంచి ఆ అంబాసిడర్ తోలేది అతనే.

ఈ ఏడు గురుపూర్ణిమకు అతను తలస్నానం చేసి, కొత్త పంచె కట్టుకుని వెళ్లి చెవి ఒగ్గాడు. అమ్మగారు ఇలా చెప్పారు:

"రోజూ బండి తీసే ముందు బానెట్టు ఎత్తి నీళ్లు చూడు, ఆయిలు చూడు, బ్యాటరీ చూడు, బెల్టు చూడు. నాలుగు టైర్లూ చేత్తో తడిమి చూడు. అది అయ్యేదాకా ఎవరితోనూ మాట్లాడకు. మనసులో కూడా."

ఇంకా ఏమైనా ఉందేమోనని పైడిరాజు చేతులు జోడించి అలాగే నిలబడ్డాడు. ఇంకేమీ లేదు. అమ్మగారు తర్వాతివాళ్లను పంపమన్నారు.

అతని మనసు చివుక్కుమంది. ఇరవై ఆరేళ్లుగా పొద్దున్నే లేచి చేస్తున్న పనే అది. దాన్ని సాధన అనడానికి వీల్లేదు, డ్యూటీ అనాలి. మాస్టారికేమో మౌనం, ధ్యానం, బ్రహ్మముహూర్తం. తనకేమో ఆయిలు చూసే డిప్‌స్టిక్కూ గుడ్డపేలికా. చదువుకున్నవాడికి ఒకటీ, చదువు రానివాడికి ఒకటీనా అనుకున్నాడు. ఆ మాట నాలుగు నెలలకు పైగా చెప్పులో రాయిలా అతన్ని బాధపెట్టింది.

కార్తీకం వెళ్లాక ఇక ఆగలేకపోయాడు. ఎవరికీ చెప్పకుండా మాస్టారి సాధన మొదలుపెట్టాడు. మూడింటికే లేవడం, షెడ్డులో కారు వెనకాల గోనెపట్టా పరుచుకోవడం, కళ్లు మూసుకోవడం. మొదటి రోజు దోమలు ధ్యానం చేశాయి, ఇతను గోక్కున్నాడు. నాలుగో రోజు కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయి, ముందుకు తూలి, కారు బంపరుకు నుదురు కొట్టుకున్నాడు. ఆ బొప్పి చూసి వంటపాకలో అందరూ ఆరా తీశారు. షెడ్డు గుమ్మం తగిలిందన్నాడు. షెడ్డుకు గుమ్మమే లేదు.

మూడు వారాలకు మనిషి మారిపోయాడు. మోకాళ్లు పట్టేశాయి. వంటమ్మ ఉప్మా ఎక్కువ వడ్డించినా కసిరాడు, తక్కువ వడ్డించినా కసిరాడు. పగలంతా కళ్లు మూతలు పడుతుండేవి. ఎండెక్కేసరికి అమ్మగారు కారెక్కే వేళ అయ్యేది. అతను ఉలిక్కిపడి లేచి, మొహాన నీళ్లు చల్లుకుని, తాళం తిప్పేవాడు. బానెట్టు సంగతి ఎప్పుడు మానేశాడో అతనికే గుర్తులేదు.

ఆవేళ కశింకోటలో బాలసారె. అమ్మగారి పాత శిష్యురాలికి మనవరాలు పుట్టింది. పాపను ఒళ్లో పెట్టుకుని ఆవిడే పేరు పెట్టాలని వాళ్ల కోరిక. పదకొండింటికి ముహూర్తం. ఎందుకైనా మంచిదని ఏడున్నరకే బయలుదేరారు.

తాళ్లపాలెం రోడ్డు ఎక్కేసరికి ఎండ హాయిగా ఉంది. రెండు పక్కలా చెరుకు తోటలు. ఎక్కడో బెల్లం వండుతున్నారు, ఆ వాసన కారంతా నిండింది. వెనక సీట్లో అమ్మగారు కిటికీలోంచి తల బయటపెట్టి చిన్నపిల్లలా ఆ గాలి పీలుస్తున్నారు.

అప్పుడు ముందు బానెట్టు సందుల్లోంచి పొగ లేచింది.

పైడిరాజు కారు పక్కకు తీసి ఆపాడు. దిగి బానెట్టు ఎత్తితే ఆవిరి గుప్పుమని మొహాన కొట్టింది. రేడియేటరులో నీళ్లు లేవు. గొట్టం క్లిప్పు వదులై చుక్కచుక్కగా కారిపోయాయి. ఒక్కరోజులో కారినవి కావవి. ఎన్నాళ్లుగానో కారుతున్నాయి. ఏ పొద్దునైనా ఒక్కసారి చూసి ఉంటే రెండు నిమిషాల పని.

ఇరవై రెండేళ్లు అరకు ఘాట్‌లో ఒక్కనాడూ ఇంజను మరగనివ్వని డ్రైవరు. సిగ్గుతో అతనికి చెవులు మండిపోయాయి.

"వెంటనే మూత తీయకూడదు కదూ?" అన్నారు అమ్మగారు దిగి వచ్చి.

"తీయకూడదండి. సల్లారాలి. అరగంట పడతాది."

"మంచిదే. చెరుకు తిందాం."

తోటలో పనిచేస్తున్నవాళ్లనడిగి ఆవిడ రెండు గడలు తెచ్చారు. చెట్టునీడలో కూర్చుని, ఉన్న పళ్లతోనే చీల్చుకుని తినడం మొదలుపెట్టారు. పైడిరాజు గడ పట్టుకుని నిలబడ్డాడు.

"పొద్దున నీళ్లు చూశావా?" అని అడిగారు. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే అతను తట్టుకునేవాడే.

"లేదండి," అన్నాడు. అన్నాక ఆగలేదు. గోనెపట్టా దగ్గర్నుంచి బంపరు బొప్పి దాకా మొత్తం చెప్పేశాడు.

"నాకేటి తక్కువండి అమ్మగారూ? సదువు లేదు, అంతే కదా! మాస్టారికి సాధన ఇచ్చేరు, నాకు బండి పనిచ్చేరు. నాకు కూడా అసలైనదివ్వండి. ఇవ్వరంటారా, మిమ్మల్ని కశింకోటలో దింపి, మళ్లీ ఆశ్రమంలో దింపేసి, అనకాపల్లి స్టాండుకు పోతాను. ఇక్కడి అన్నం తినే అర్హత నాకు లేదనుకుంటాను."

అన్న మాట నిజమేనని, దానికి తను కట్టుబడతాడని అతనికి తెలుసు. ఆ తెల్ల కారునూ, ఎండలో నవ్వే ఈ ముసలావిడనూ వదిలి బతకడం ఎలాగో అతనికి తెలీదు.

అమ్మగారు చెరుకుపిప్పి ఉమ్మేశారు.

"చల్లారిందేమో చూడు," అన్నారు.

జవాబు అంతే. పైడిరాజు పళ్లు బిగబట్టి, క్లిప్పు బిగించి, తోటవాళ్ల బిందెతో నీళ్లు తెచ్చి నెమ్మదిగా పోశాడు. పుణ్యం కొద్దీ ఇంజనుకు ఏమీ కాలేదు. తాళం తిప్పితే పాత నేస్తంలా పలికింది. అతను మాత్రం అద్దంలో వెనక్కి చూడకుండానే గేరు వేశాడు.

హైవే ఎక్కిన కాసేపటికి అమ్మగారు వెనక నుంచి భుజం తట్టారు.

"అదిగో పెట్రోలు బంకు. పోయిద్దాం."

బంకులో వాళ్ల ముందు నల్లటి పెద్ద కారు ఒకటి ఆగి ఉంది. అద్దంలా మెరిసిపోతోంది. యూనిఫాం వేసుకున్న నడివయసు బంకావిడ దానికి ఖరీదైన ప్రీమియం పెట్రోలు కొడుతోంది. ఆ కారు వెళ్లగానే అంబాసిడర్ ముందుకొచ్చింది. అమ్మగారు అద్దం దించి తల బయటపెట్టారు.

"అమ్మాయ్! మాకూ అదే కొట్టు. ఇందాకటి కారుకు కొట్టావే, అది."

పైడిరాజు గబుక్కున వెనక్కి తిరిగాడు. "వద్దండి అమ్మగారూ!"

"ఎందుకు వద్దు?"

"దీనికి మామూలుది సాలండి."

"అదేం మాట? వాళ్ల కారుకు గొప్పదీ, నా కారుకు మామూలుదీనా? నా బండి ఏం పాపం చేసింది?"

పైడిరాజుకు చిర్రెత్తింది. ఆశ్రమంలో ఏ విషయంలోనైనా ఆవిడ ముందు నోరెత్తడు గానీ, బండి విషయంలో ఎవరైనా తెలియక మాట్లాడితే ఊరుకోలేడు. కారు దిగిపోయాడు. కిటికీ దగ్గర నిలబడి, క్లాసులో పాఠం చెప్పినట్టు వేలు చూపిస్తూ మొదలుపెట్టాడు.

"గొప్పా తక్కువా కాదండి అది. ఆ కొత్త ఇంజన్లున్నాయి సూడండి, అవి పెట్రోలునీ గాలినీ బాగా గట్టిగా నొక్కుతాయి. ఆ నొక్కుడికి మామూలు పెట్రోలు తట్టుకోలేదు. టయానికి ముందే అంటుకుపోతాది. ఇంజను టకటకా కొట్టుకుంటాది. అందుకని దానికి ఆ పెట్రోలు పొయ్యాలి."

"ఆ పెట్రోలుకు నంబరు కూడా పెద్దదటగా. మార్కులు ఎక్కువొచ్చినట్టేగా?"

"మార్కులు కాదండి బాబూ! ఆ నంబరు గొప్పతనం సెప్పదు. ఎంత నొక్కుడికి ఓర్సుకుంటాదో సెబుతాది, అంతే."

"ఓహో." అమ్మగారు కళ్లు పెద్దవి చేసుకుని వింటున్నారు. ఎంత శ్రద్ధగల విద్యార్థైనా అలా వినడు. "మరి మన బండి?"

"మనది నెమ్మదైన ఇంజనండి. అంతలా నొక్కదు. మామూలు పెట్రోలుతో సక్కగా, సప్పుడు లేకుండా మండుతాది."

"పోనీ ఒక్కసారి అది పోస్తే? కొంచెం వేగంగా పోతుందేమో, ఆ నల్లకారులా."

"పోదండి! నల్లకారు పెట్రోలు పోసినంత మాత్రాన ఇది నల్లకారు అవుద్దేటండి?" పైడిరాజు గొంతు బంకంతా వినపడుతోంది. లారీ డ్రైవరొకడు టీ గ్లాసుతో దగ్గరకొచ్చి నిలబడ్డాడు. "దీనికి ఏ లోటుందని? నీళ్లు, ఆయిలు సూసుకుంటే సాలు, ఈ బండి ఇంకో ఇరవై ఏళ్లు అరకు ఎక్కి దిగుతాది!"

"అయినా వాళ్లకు అదీ, మనకు ఇదీ అంటే నాకు చిన్నతనంగా ఉంది పైడిరాజూ."

"సిన్నతనమేటండి? సేసినవాడికి తెలీదేటండి, దేనికి ఏది పొయ్యాలో..."

అక్కడ ఆగిపోయాడు.

ఎత్తిన వేలు గాల్లోనే ఉండిపోయింది. హైవే మీద బస్సొకటి హారను కొట్టుకుంటూ పోయింది. లారీ డ్రైవరు మిగతా మాట కోసం ఎదురుచూశాడు. మిగతా మాట రాలేదు. పైడిరాజు మొహంలో ముందు నెత్తురు లేదు, తర్వాత చెవుల దాకా నెత్తురు పాకింది, ఆపైన కళ్లలో నీళ్లు తిరిగాయి. అన్నిటికంటే చివర నవ్వొచ్చింది. ఆపుకుందామని చూశాడు. కుదరలేదు. ఐదు నెలల తర్వాత మనసారా వచ్చిన నవ్వు. కారు పైకప్పు మీద చెయ్యి ఆనించుకుని వంగిపోయి నవ్వాడు.

అమ్మగారు మాత్రం నవ్వలేదు. ఏమీ ఎరగనట్టు మీటరు వైపు చూస్తూ కూర్చున్నారు.

బంకావిడకు విసుగొచ్చింది. వెనక మూడు బళ్లు ఆగి ఉన్నాయి.

"ఏది కొట్టమంటారమ్మా? తొందరగా చెప్పండి."

"నన్నడుగుతావేం తల్లీ?" అన్నారు అమ్మగారు. "నాకేం తెలుసు? ఆయన్నడుగు."

పైడిరాజు భుజం మీది తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. ట్యాంకు మూత తన చేత్తోనే తీశాడు.

"మామూలుదే అమ్మా," అన్నాడు. "నిండా పొయ్యి."