కాలువకు వీపు పెట్టిన ఫిరూజా

అనగనగా ఒక అడవిలో అంటాననుకున్నారు కదూ? ఈసారి అడవి లేదు పిల్లలూ. అడవి దాకా ఎందుకు, నాలుగు చెట్లు కూడా లేవు. ఉన్నదల్లా ఎడారి. చాలా దూరాన, ఎప్పుడూ మంచు కప్పుకుని ఉండే కొండలు.

ఎన్నో వందల ఏళ్ళ కిందటి మాట ఇది. ఒంటెల బిడారులు పట్టుబట్టలూ కాగితాలూ మోసుకుంటూ చీనా దేశం నుంచి బాగ్దాదు దాకా నడిచే రోజులు. ఇవాళ ఒక వంశం గద్దె ఎక్కితే, మనవల కాలానికి ఇంకో వంశం వచ్చి దించేసే రోజులు. ఆ బిడారుల దారిలో ఒక పచ్చటి చోటు ఉండేది. నడవలేక ఆగిపోయిన జంతువులు, దారి తప్పినవి, ఎవరూ లేనివి, అన్నీ అక్కడికే చేరాయి. పడమటి నుంచి వచ్చిన ఒంటెలు ఒక రకంగా మొక్కుకునేవి. తూర్పు నుంచి వచ్చిన కొంగలు ఒంటికాలి మీద నిలబడి ధ్యానం చేసేవి. మేకలు పొద్దున్నే నిప్పుకు నమస్కారం పెట్టేవి. ఎవరి దేవుడు వాళ్ళకు. దాహం మాత్రం అందరికీ ఒకటే.

మరి నీళ్ళెక్కడివి? కొండల మీద కరిగిన మంచు, భూమి కింద తవ్విన సొరంగంలో రెండు రోజుల దూరం పారి అక్కడికి వచ్చేది. పైన పారితే ఎండకు ఆవిరైపోతుందని పెద్దవాళ్ళు ఎప్పుడో అలా తవ్వారు. ఎంత తెలివో చూడండి. సొరంగం చివర ఒక రాతి కాలువ, దానికో తూము. పొద్దు పొడవగానే తూము తీసేవారు, పొద్దు గూకగానే మూసేవారు. ఈలోపే అందరూ తాగాలి.

ఒక్కో కుటుంబానికి ఒక్క గిన్నె సేపు నీళ్ళు. గిన్నెడు నీళ్ళు కాదు, గిన్నె సేపు. రాగి గిన్నె ఒకటి ఉండేది. దాని అడుగున సూది దూరేంత బెజ్జం. దాన్ని రాతి తొట్టిలో నీళ్ళ మీద వదిలేవారు. బెజ్జంలోంచి నీరు మెల్లగా లోపలికి వచ్చి, గిన్నె నిండి, మునిగి, అడుగున ఠంగుమని తగిలేది. అంతే, ఆ కుటుంబం వంతు అయిపోయినట్టు. మన దేశంలోనూ పూర్వం గడియలు ఇలాగే కొలిచేవారు.

ఆ గిన్నెకు కాపరి ఫిరూజా అనే గాడిద. ఎవరి మీదైనా కోపం వస్తే మనం గాడిదా అని తిడతాం కదా? ఈ కథ విన్నాక నాకైతే ఆ తిట్టు నోటికి రావడం మానేసింది.

గిన్నె కాపరికి ఒక కట్టుబాటు ఉంది. కాలువకు వీపు పెట్టి కూర్చోవాలి. ముఖం గిన్నె వైపే ఉండాలి. తాగేవాళ్ళకూ ఒక కట్టుబాటు ఉంది. తాగుతున్నంతసేపూ నోరెత్తకూడదు. అంటే వెనక తాగుతున్నది ఏనుగో ఎలకో కాపరికి తెలియకూడదన్నమాట. ఫిరూజా తల్లి చేసింది ఆ పనే. తల్లి తర్వాత ఫిరూజా చేసింది.

ఫిరూజా వయసులో ఉన్నప్పుడు పులుల రాజ్యం వచ్చింది. పులిరాజుకు దర్జా ఎక్కువ. వస్తూనే నీలం రంగు గుమ్మటం కట్టించింది. ఒకరోజు ఫిరూజా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"ఫిరూజా, నా వంతు వచ్చినప్పుడు ఒక్కసారి వెనక్కి తిరిగి చూడు. నేనని తెలిస్తే గిన్నెను కాస్త నెమ్మదిగా ముంచలేవా? నీకు మెత్తటి తివాచీ ఇస్తాను" అంది.

"తివాచీ ఇప్పించండి ప్రభూ, రాతి మీద కూర్చుని మోకాళ్ళు పట్టేస్తున్నాయి. కానీ దాన్ని పరుచుకున్నా కాలువకు వీపు పెట్టే కూర్చుంటాను" అంది ఫిరూజా.

పులిరాజు పకపకా నవ్వింది. తివాచీ మాత్రం పంపించింది. దర్జా అంటే అదీ.

కొన్నేళ్ళకు ఉత్తరాన గడ్డిమైదానాల నుంచి తోడేళ్ళు దుమ్ము లేపుకుంటూ వచ్చి పులులను తరిమేశాయి. తోడేలురాజుకు తివాచీలూ గుమ్మటాలూ పట్టవు. తన వంతు రాగానే ఫిరూజా మెడను వెనకనుంచి పళ్ళతో పట్టుకుంది.

"తిరుగు. నేనెవరో చూసి గిన్నె ముంచు" అంది పళ్ళ సందుల్లోంచి.

ఫిరూజాకు భయం వేసింది. భయం వేయకుండా ఎలా ఉంటుంది? అయినా తిరగలేదు.

"ప్రభూ, మెడ మీ నోట్లోనే ఉంది. కానీ ఇవాళ మీ పళ్ళకు భయపడి తిరిగితే, రేపు మీకంటే పెద్ద పళ్ళున్నవాళ్ళు వచ్చినా తిరగాలి. ఆ రోజున మీ పిల్లలకు నీళ్ళు దక్కవు" అంది.

తమకంటే పెద్ద పళ్ళు లోకంలో ఉన్నాయని తోడేళ్ళకు తెలుసు. రాజు మెడ వదిలేసింది. ఆ తర్వాత తన గుంపులో ఎవరైనా వరస తప్పితే తనే కరిచేది.

ఆ తోడేళ్ళూ ఎన్నాళ్ళు? అన్నదమ్ములు గద్దె కోసం కొట్టుకుని చెల్లాచెదురయ్యాయి. అప్పుడు అడవిగాడిదలు వేలకు వేలు వచ్చి రాజ్యం పట్టుకున్నాయి. వాటి రాజు పేరు అర్సలాన్. ఆ దేశపు భాషలో సింహం అని అర్థం. గాడిదకు ఆ పేరేమిటని అడక్కండి. గద్దె ఎక్కితే పేర్లు అలాగే వస్తాయి.

ఈ అర్సలాన్ ఎవరనుకున్నారు? ఫిరూజాకు అక్క కొడుకు. తల్లి పోతే, పసికూనగా ఉన్నప్పుడు ఫిరూజాయే పెంచింది. ఒక ఎండాకాలం తన వంతు నీళ్ళు సగం వాడికే తాగించి తను పెదాలు తడుపుకుని ఊరుకుంది. పెరిగాక వాడు అడవిగాడిదల గుంపులో కలిసి వెళ్ళిపోయాడు. అలాంటి బిడ్డ రాజై వచ్చాడంటే ఆ పిన్ని గుండె ఎంత పొంగి ఉంటుందో చెప్పండి.

మొదటిరోజే అర్సలాన్ కాలువలో మూతి పెట్టి, కట్టుబాటు మరిచి గట్టిగా పిలిచింది.

"పిన్నీ, నేను వచ్చాను. ఇటు తిరుగు. ఇన్నాళ్ళూ పులులకూ తోడేళ్ళకూ ఊడిగం చేశావు. ఇప్పుడు మనవాళ్ళ రాజ్యం వచ్చింది. మన గుంపుకు రెండేసి గిన్నెల సేపు కావాలి."

ఫిరూజా చెవులు ఆ గొంతు వైపు వాటంతట అవే తిరిగాయి. మెడ తిరగబోయింది. పులి తివాచీకి తిరగని మెడ, తోడేలు పళ్ళకు తిరగని మెడ, పిన్నీ అన్న పిలుపుకు తిరగబోయింది. అప్పుడే దానికి జైతూన్ గుర్తొచ్చింది.

జైతూన్ అంటే ముళ్ళపందుల పెద్ద. సొరంగంలో పేరుకునే మట్టిని ప్రతిరోజూ తవ్వి తీసేది ముళ్ళపందులే. అవి సాయంత్రం దాకా లోపలే ఉంటాయి. అందుకే వాటిది ఎప్పుడూ చివరి వంతు. ముందు ఎవరైనా ఒక్క గిన్నె ఎక్కువ తాగితే, పొద్దు గూకి తూము మూసేస్తారు. ముళ్ళపందుల పిల్లలు ఎండిన నోళ్ళతో పడుకోవాలి.

ఫిరూజా మెడ నిలిపింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా గిన్నెనే చూస్తూ కూర్చుంది.

"తూము మూశాక ఇంటికి రా నాయనా. కళ్ళారా చూసుకుంటాను. ఇక్కడ మాత్రం చూడలేను" అంది.

అర్సలాన్ ఇంటికి రాలేదు. కోపంతో కాలు నేలకు తాటించి, "పరాయివాళ్ళకు చేసింది చాలు, ఇక ఇంట్లో కూర్చో" అని ఫిరూజాను తీసేసి, ఆ పని ఒక నక్కకు ఇచ్చింది.

నక్క కాలువకు ఎదురుగా కూర్చుంది. రాజు తాగుతుంటే మునగబోయే గిన్నె కింద పాదం పెట్టి పైకి ఎత్తి పట్టుకునేది. రాజు తమ్ముడు వస్తే కాసేపు ఎత్తేది. రాజుకు స్నేహితులు వస్తే ఇంకాసేపు. ఎవరు నవ్వుతూ పలకరిస్తే వాళ్ళకు గిన్నె తేలేది. ఎవరు ఊరుకుంటే వాళ్ళకు బుడుంగుమనేది.

మూడు సాయంత్రాలు ముళ్ళపందులు బురద ఒంటితో పైకి వచ్చేసరికి తూము మూసి ఉంది. నాలుగో రోజు జైతూన్ పిల్లలను వెంటబెట్టుకుని ఫిరూజా గుమ్మంలోకి వచ్చింది.

"అక్కా, వెళ్ళొస్తాం. కొండల కింద ఏదైనా ఊట దొరుకుతుందేమో చూసుకుంటాం" అంది.

"ఈ ఎండలో పిల్లలు నడవగలరా?" అంది ఫిరూజా. లేచి వంగింది. "ఎక్కించు."

ముళ్ళపంది పిల్లలను వీపు మీద మోయడమంటే మాటలా? ఎన్ని ముళ్ళు గుచ్చుకున్నాయో లెక్కే లేదు. రెండు రోజులు మోసింది ఆ ముసలి గాడిద. కొండల కింద ఒక చిన్న ఊట పక్కన వాళ్ళతోనే ఉండిపోయింది.

ఇక్కడ సొరంగంలో మట్టి తీసే దిక్కు లేదు. పది రోజులకు నీళ్ళు బురదగా వచ్చాయి. ఇంకో పది రోజులకు సన్నటి ధార అయ్యాయి. ఒక పొద్దున తూము తీస్తే చుక్క రాలేదు. నక్క అప్పటికే ఎటో జారుకుంది. అర్సలాన్ కూతురు, ఇంకా పాలు కూడా మానని పిల్ల, ఎండిన కాలువను నాకుతూ కనబడింది. అర్సలాన్ కూడా ఒకప్పుడు అంతే ఉండేది. అప్పుడు తన నోటికి నీళ్ళు ఎవరి వంతు నుంచి వచ్చాయో అర్సలాన్‌కు గుర్తొచ్చింది.

ఆ క్షణమే బయలుదేరి, పగలు నడిచి, రాత్రి నడిచి, కొండల కిందికి చేరి ముళ్ళపందుల ముందు తల వంచింది.

"నాది తప్పు. వెనక్కి రండి. ఇక మీదట మీకు అన్యాయం జరగదు, మాట ఇస్తున్నాను" అంది.

"రాజుల మాటలు చాలా విన్నాం బాబూ. మాకు మాటలొద్దు. కాలువ దగ్గర మా అక్క వీపు కనబడాలి. అప్పుడే సొరంగంలోకి దిగుతాం" అంది జైతూన్.

ఫిరూజా పిల్లలను మళ్ళీ వీపుకెత్తుకుంది. ఈసారి సగంమందిని రాజు వీపు మీద ఎక్కించింది. ముళ్ళు గుచ్చుకున్నా అర్సలాన్ కిక్కురుమనలేదు.

ముళ్ళపందులు రేయింబవళ్ళు తవ్వితే అయిదో రోజున నీళ్ళు వచ్చాయి. ఫిరూజా పాత తివాచీ పరుచుకుని, కాలువకు వీపు పెట్టి కూర్చుంది. ఒంటెలు తాగాయి. కొంగలు తాగాయి. మేకలు తాగాయి. సాయంత్రం ముళ్ళపందులు తాగాయి. వాటి తర్వాత కూడా వెనక ఎవరో వచ్చి నిలబడ్డ అలికిడి అయింది. ఫిరూజా గిన్నె వదిలింది. వెనక తాగుతున్న చప్పుడు తప్ప మాట లేదు. గిన్నె ఠంగుమంది.

"అయిపోయింది, జరగండి" అంది ఫిరూజా.

దాహం తీరకుండానే వాళ్ళెవరో జరిగిపోయారు. తూము మూసేశారు.

ఫిరూజా ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో అర్సలాన్ నిలబడి ఉంది.

"పిన్నీ, చివరి గిన్నె ఎవరు తాగారో తెలుసా?" అని అడిగింది.

"నాకెలా తెలుస్తుంది నాయనా? నా వీపుకు కళ్ళున్నాయా?" అంది ఫిరూజా. దగ్గరికి వెళ్ళి దాని మొహాన్ని ఈ పక్కనుంచీ ఆ పక్కనుంచీ తనివితీరా చూసుకుంది. "ఎంత చిక్కిపోయావురా" అంటూ, పసితనంలో చేసినట్టే, నుదురు నాకింది. సింహం పేరు పెట్టుకున్న ఆ రాజు పిన్ని మెడ కింద తల దూర్చి వెక్కివెక్కి ఏడ్చింది.

తర్వాత ఆ రాజ్యమూ పోయింది. పులుల గుమ్మటం కూలి ఇసుకలో కలిసింది. ఎన్ని వంశాలు వచ్చాయో, ఎన్ని పోయాయో. ఎవరు వచ్చినా ఆ కాలువ దగ్గర రాతి తొట్టి ముందు ఒక పాత తివాచీ ఉండేది. దాని మీద ఎవరో ఒకరు, కాలువకు వీపు పెట్టి, గిన్నెనే చూస్తూ కూర్చుని ఉండేవారు.

నీతి: పంచిపెట్టేవాళ్ళు ఎదుట ఉన్నది ఎవరో చూడకూడదు, అది మనవాళ్ళైనప్పుడు అసలే చూడకూడదు.