గిరగిరా తిరిగిన పుట్టి

అనగనగా, మన తాతల కాలమూ కాదు, మన మనవల కాలమూ కాదు, ఆ రెంటికీ నడుమ ఎక్కడో వెన్నెలగిరి అనే ఒక రాజ్యం ఉండేది. ఆ రాజ్యంలో అందరి చేతుల్లోనూ ఫోన్లే. రాజుగారు సింహాసనం మీద కూర్చుని ఫోను చూసుకునేవారు. మంత్రిగారు పక్కన నిలబడి చూసుకునేవారు. "రాజ్యం ఎలా ఉంది మంత్రీ?" అని రాజుగారు మెసేజి పెడితే, "చల్లగా ఉంది ప్రభూ" అని మంత్రిగారు పక్కనుంచే మెసేజి పెట్టేవారు.

ఆ రాజ్యంలోనే పూలమాలలు కట్టే పుండరీకుడనే కుర్రవాడూ, బట్టలకు రంగులద్దే ఇంటి పిల్ల వకుళా ఉండేవారు. ఇద్దరికీ ఏడాదిగా ప్రేమ. ఆ ప్రేమంతా ఫోనులోనే. పొద్దున లేస్తే పుండరీకుడు పున్నమి చందమామను పంపేవాడు. వకుళ మల్లెపూలు పంపేది. చందమామా బొమ్మే, మల్లెలూ బొమ్మలే. నిజం మల్లెలు పుండరీకుడి ఒళ్ళోనే బుట్టెడు ఉండేవి, పాపం, వాటి వంక అతను చూస్తేనా?

పెళ్ళిమాట వచ్చింది. పెళ్ళికి ముందు ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. జంట పుట్టిలో ఏరు దాటాలి. వెదురుతో అల్లి, అడుగున తోలు బిగించిన గుండ్రటి పడవే పుట్టి. చూడటానికి పెద్ద బుట్టలా ఉంటుంది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, చెరో తెడ్డూ పట్టుకుని, ఒకే ఊపున వెయ్యాలి. ఊపు కలిస్తే పుట్టి తిన్నగా పోతుంది. కలవకపోతే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. మూడుసార్లు ఎక్కనిస్తారు. మూడోసారీ తిరిగిందా, ఆ సంబంధం అక్కడితో సరి.

"మూడోసారీ తిరిగితే మా మేనల్లుడు గజపతి ఉన్నాడు" అన్నాడు వకుళ తండ్రి. గజపతి అప్పటికే సొంత తెడ్డు భుజాన వేసుకుని గట్టు మీద నిలబడి ఉన్నాడు. రాజ్యం మొత్తానికి ఫోను లేనిది అతనొక్కడికే. వేళ్ళు మరీ లావు. ఒక అక్షరం నొక్కబోతే నాలుగు పడేవి.

పుండరీకుడు గజపతి భుజాల వంక ఒకసారి, తన చేతుల వంక ఒకసారి చూసుకున్నాడు.

మొదటిసారి ఎక్కారు. రేవు పెద్ద సూరమ్మవ్వ తాడు విప్పింది. వకుళను అంత దగ్గరగా చూసేసరికి పుండరీకుడికి ఏం మాట్లాడాలో తోచలేదు. తల వంచి ఫోను తీసి, "నీ కళ్ళు కలువల్లా ఉన్నాయి" అని మెసేజి పెట్టాడు. వకుళ కూడా తల వంచి చదువుకుని, మురిసిపోయి, "ఎప్పుడు చూశావు?" అని తిరుగు మెసేజి పెట్టింది. "రాత్రి, నువ్వు పంపిన ఫోటోలో" అని రాశాడు. తెడ్లు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి. పుట్టి పదిసార్లు తిరిగి, వచ్చిన గట్టుకే వచ్చి ఆగింది.

"మనిషిని ఎదురుగా పెట్టుకుని ఉత్తరాలు రాసుకుంటున్నార్రా వీళ్ళు" అంది సూరమ్మవ్వ. గట్టు మీద జనమంతా ఆ నవ్వులాటను ఫోన్లలో పట్టుకున్నారు.

వారం గడిచింది. రెండోసారి ఎక్కేముందు ఇద్దరూ మెసేజీలు పెట్టుకోబోమని ఒట్టు వేసుకున్నారు. పుండరీకుడు మాత్రం తెలివి చూపించాడు. ఏరు దాటే దారి చెప్పమని ఫోనును అడిగి, పుట్టి నడుమ నిలబెట్టాడు.

"ఎడమవైపు తిరగండి" అంది ఫోను.

ఇద్దరూ బుద్ధిగా ఎడమవైపు వేశారు. ఎదురెదురుగా కూర్చున్నారు కదా, అతని ఎడమ ఆమెకు కుడి. పుట్టి బొంగరమైంది.

"దారి తప్పారు. మళ్ళీ ఎడమవైపు తిరగండి" అంది ఫోను.

"నీ ఎడమా, నా ఎడమా?" అంది వకుళ.

"దాన్నే అడుగు" అన్నాడు పుండరీకుడు.

దాన్ని అడిగేలోపు పుట్టి గట్టుకు కొట్టుకుంది. గజపతి వంగి, ఒంటిచేత్తో పుట్టిని ఒడ్డుకు లాగి, "వచ్చే వారం కలుద్దామండీ" అన్నాడు మర్యాదగా. ఆ మర్యాదే పుండరీకుడిని ఎక్కువ పొడిచింది.

జనం వెళ్ళిపోయారు. పుండరీకుడు రేవు మెట్టు మీద కూలబడి, బాధ మరిచిపోదామని మళ్ళీ ఫోనే తీశాడు. పక్కనే నీళ్ళలో ఒంటికాలి మీద ఒక కొంగ నిలబడి ఉంది.

"అబ్బాయ్, పొద్దుటి నుంచి నేనూ తల వంచుకునే ఉన్నాను, నువ్వూ తల వంచుకునే ఉన్నావు" అంది కొంగ. "నాకు మూడు చేపలు దొరికాయి. నీకేం దొరికాయి?"

"నలభై లైకులు, కొంగమామా."

"ఒకటి ఇటు పెట్టు, రుచి చూస్తాను."

పుండరీకుడు ఫోను వైపు చూశాడు. పెట్టడానికి ఏమీ లేదు. అతనికి ఏడుపొచ్చింది.

"మూడు రోజులు దాన్ని అవతల పారేసి నా పక్కన కూర్చో" అంది కొంగ. "నీళ్ళను చూడు. అంతే."

ఫోను సూరమ్మవ్వ ఉప్పుజాడీలో పెట్టించాడు. "వకుళను కూడా ఫోను మానెయ్యమని చెప్పు అవ్వా" అని కబురు పంపాడు. అవ్వ వెళ్ళి వచ్చింది. "సరేనంది. దానికి ఎప్పటినుంచో మెడ పట్టేసి ఉందిట" అని చెప్పింది.

మొదటి రోజు పుండరీకుడి బొటనవేలు ఊరుకోలేదు. తొడ మీద దానంతట అదే పైకీ కిందికీ పాకింది.

రెండో రోజు మొలలో ఏదో గురగురలాడింది. ఫోనే అనుకుని చటుక్కున తీసి చెవికి ఆనించుకుని, "హలో" అన్నాడు. అది కప్ప. "బెక" అంది.

"ఎవరుట?" అని అడిగింది కొంగ.

మూడో రోజు ఏమీ జరగలేదు. నీళ్ళు రాళ్ళను తడుముతూ పోయాయి. గాలికి రెల్లుపూలు ఊగాయి. తన ఊపిరి తనకే వినబడింది. పొద్దు ఎప్పుడు వాలిందో పుండరీకుడికి తెలియలేదు. చాలా ఏళ్ళ తర్వాత తన లోపల ఎవరో చాప పరిచి హాయిగా పడుకున్నట్టనిపించింది.

మూడోసారి పుట్టి ఎక్కే రోజు వచ్చింది. గట్టంతా జనం. గజపతి తెడ్డుకు నూనె కూడా రాశాడు.

ఇద్దరూ ఫోన్లు లేకుండా ఎక్కారు. తాడు విడింది. ఇద్దరూ తలలు వంచుకుని ఎవరి తెడ్డు వారు వేశారు. పుట్టి మెల్లగా పక్కకు తిరగబోయింది.

అప్పుడు పుండరీకుడు కళ్ళెత్తి చూశాడు. "నీ వేళ్ళు నీలంగా ఉన్నాయేం?" అన్నాడు.

"నీలిమందు తొట్లో ముంచి ముంచి. ఊహ తెలిసినప్పటి నుంచీ ఇంతే."

"ఫోనులో తెల్లగా ఉండేవి."

"ఫోనులో నీ ముక్కు మీద ఆ మొటిమ లేదు" అంది వకుళ.

అతనికి నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చింది. నవ్వు ఆగి ఇద్దరూ ఒక్కసారే ఊపిరి పీల్చుకున్నారు. ఊపిరితోపాటు తెడ్లు ఒక్కసారే నీళ్ళలో పడ్డాయి. పుట్టి తిన్నబడింది. మళ్ళీ ఊపిరి, మళ్ళీ తెడ్డు. ఆమె తెడ్డు వేసేముందు పెదవి కొరుక్కుంటుందని అతను కనిపెట్టాడు. అతను వేసేముందు కనుబొమ ఎగరేస్తాడని ఆమె కనిపెట్టింది. ఇంక ఎడమెవరిదో కుడెవరిదో ఎవరికి కావాలి? గీత గీసినట్టు పోయి పుట్టి అవతలి గట్టును ముద్దుపెట్టుకుంది.

గజపతి నిట్టూర్చి, నూనె రాసిన తెడ్డును తెచ్చి వాళ్ళకే కానుకగా ఇచ్చాడు.

ఈ సంగతి రాజుగారికి తెలిసి, రేవు దగ్గరి జనాన్ని కొలువుకు పిలిపించారు. "వాళ్ళు ఏరు దాటిన బొమ్మ పంపండి, చూస్తాను" అన్నారు. జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పుట్టి తిన్నగా పోతుంటే అందరూ నోళ్ళు తెరిచి చూస్తూ నిలబడిపోయారు. ఒక్కరూ ఫోను ఎత్తలేదు.

"బొమ్మ లేదు ప్రభూ. నా రెండు కళ్ళతో చూశాను. ఆ ఫోను పక్కన పెడితే కూర్చుని చెబుతాను" అంది సూరమ్మవ్వ.

రాజుగారు ఫోను పక్కన పెట్టారు. అవ్వ మొదలుపెట్టింది. కప్ప దగ్గరికి వచ్చేసరికి రాజుగారు పకపకా నవ్వి, నవ్వు పంచుకుందామని పక్కకు తిరిగారు.

"మంత్రీ, నీకు మీసం ఎప్పుడు వచ్చింది?"

"మూడేళ్ళయింది ప్రభూ" అన్నారు మంత్రిగారు, కళ్ళు తుడుచుకుంటూ.

పుండరీకుడికీ వకుళకూ పెళ్ళయింది. ఆ పెళ్ళిలో ప్రతి పువ్వూ నిజం పువ్వే. వాళ్ళు ఏరు దాటిన బొమ్మ మాత్రం నేటికీ ఏ ఫోనులోనూ లేదు. అందుకే ఈ కథను ఇలా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ నోటితో చెప్పుకోవలసి వస్తోంది.

ఎదుట ఉన్న మనిషిని కళ్ళెత్తి చూసేవారికే మనసుకు శాంతీ, బతుకుకు తోడూ దొరుకుతాయి.